రెండు నుంచి నాలుగు దాకా

నా ఉద్యోగం పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు గనక చేసే పని చెబుతాను. అండమాన్‌లో చౌల్దారీ ఊరి దగ్గర చిత్తడి నేలను బాగుచేసే పని జరుగుతున్నప్పుడు, ఆ పక్కనున్న ఇళ్లకు మిషన్ల చప్పుడు మితిమీరకుండా చూడడం నా పని. ఆఫీసువాళ్లు చప్పుడు కొలిచే అరచేతి మీటరొకటి, రిజిస్టరొకటి ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి గుమ్మంలో మీటరు పట్టుకుని నిలబడాలి, అంకె రాసుకోవాలి, ఇంటివాళ్ల ఫిర్యాదు రాసి సంతకం పెట్టించుకోవాలి. అంకె గీత దాటితే సైటుకు వెళ్లి మిషన్ ఆపించే అధికారం నాకుంది. ఇన్నేళ్ల బతుకులో నా మాట మీద ఆగిన మొదటి వస్తువు ఆ మిషనే. అందుకని కాస్త పొగరెక్కిన మాట నిజం.

ఫిర్యాదులు రకరకాలుగా వచ్చేవి. కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో లెక్క తెలియక పప్పు మాడిపోతోందని ఒకామె రాయించింది. కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయని ఒకాయన రాయించాడు. ఆయన కోళ్లు అంతకుముందు కూడా పెద్దగా పెట్టినట్టు నాకు గుర్తు లేదు. ఒకావిడ మాత్రం ఈ మోతలో వాళ్లాయన గురక వినబడక తనకు నిద్ర పట్టడం లేదంది. అదీ రాశాను. రాయనంటే ఊరుకునే మనిషి కాదు.

నేనూ ఊరుకునే మనిషిని కాదు. ముక్కు మీద కోపం అని చిన్నప్పటి నుంచీ పేరుంది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు ఆ కోపం చూసే అడగడం మానేశారు. ఇంట్లో మేమిద్దరమే, నేనూ అన్నయ్యా. అన్నయ్య నాకంటే పదేళ్లు పెద్ద. అమ్మానాన్నా వెంటవెంటనే పోయినప్పుడు నాకు ఆరేళ్లు, వాడికి పదహారు. నన్ను మేనత్త ఇంట్లో దించి, బాంబూఫ్లాట్ ఫెర్రీలో ఇంజిన్ తుడిచే పనికి కుదిరాడు. తర్వాత దీవుల మధ్య తిరిగే ఓడల్లో ఇంజిన్‌కు నూనె పట్టించే గ్రీజర్ అయ్యాడు. ముప్పై ఏళ్లకు పైగా ఇంజిన్ రూంలోనే బతికాడు. పైనున్నవాళ్లు సముద్రం చూశారు, నేను ఇంజిన్ చూశాను అనేవాడు. వదిన పిల్లలు పుట్టకుండానే పోయింది. రిటైరయ్యేసరికి అన్నయ్య చెవులు కూడా పోయాయి. కుడి చెవిలో మాత్రం కాస్త ప్రాణం ఉండేది. అక్కడ నోరు పెట్టి అరిస్తే వినపడేది. నేను అరిచే అరుపులకు, ముందు మీ ఇంట్లో పెట్టమ్మా ఆ మీటరు అని ఇరుగుపొరుగు నన్ను ఏడిపించేవాళ్లు.

మా ఇల్లు పని జరిగేచోటికి కూతవేటు దూరం. ఇంటి ముందున్న నీళ్లలో ఒక ముక్క ఒకప్పుడు మా అన్నయ్య పొలం. ఓడ మీద ఉండగానే కొనుక్కున్నాడు. సెలవుల్లో వచ్చి పంచె ఎగ్గట్టి దిగేవాడు. రెండు పంటలు తీశాడు. మూడోది చేతికొచ్చే వేళకి సునామీ వచ్చింది. నేల కిందికి దిగిపోయింది, ఉప్పునీళ్లు పొలాల్లోకి వచ్చాయి, తిరిగి వెళ్లలేదు. తర్వాత రోడ్డు ఎత్తు చేశారు. రోడ్డు కింద తూములు పూడిపోయాయి. లోపలి నీళ్లు అటు సముద్రానివీ కాక ఇటు వానవీ కాక మురిగిపోయాయి. వరి ఎటూ లేదు. మడ చెట్లు మొలవబోయి అవీ ఎండిపోయాయి. వాసన, దోమలు. ఇరవై ఏళ్లు, ముందు సెలవుల్లో, రిటైరయ్యాక రోజూ, ఆ నీళ్లను చూస్తూ గుమ్మంలో కూర్చున్నాడు అన్నయ్య. పొలం తిరిగి రాదని వాడికి ఎప్పుడో తెలుసు. ఆ ఆశ లేదు. వాడి బాధల్లా నీళ్లు కదలడం లేదనే.

"నీల్లన్నాక రావాల, పోవాల," అనేవాడు. "ఇలా పడుండకూడదే."

అందుకే ఆఫీసువాళ్లు రోడ్డు కోసి, పెద్ద తూములు పెట్టి, సముద్రపు పోటును లోపలికి వదిలి, మడ మొక్కలు నాటుతారని తెలిసినప్పుడు ఈ ఊళ్లో అందరికంటే సంబరపడ్డది వాడే. ఆ నీళ్లు కదలడం ఒక్కసారి చూసి పోతానని వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. అప్పటికే కడుపులో గడ్డ పెరిగిపోయింది. పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో చూసి, ఇక ఇంటికి తీసుకెళ్లి ప్రశాంతంగా ఉంచమన్నారు. ప్రశాంతంగా అన్న మాట నా బుర్రలో మేకులా దిగింది.

మంచం ముందుగదిలో వేశాను. పైలింగ్ మిషన్ ఉక్కు రేకులను బురదలోకి దిగ్గొడుతుంటే మా ఇంటి నేల సన్నగా అదిరేది. గ్లాసులో నీళ్లు వణికేవి. పక్కింటి బెంగాలీ అమ్మాయి నెలల పిల్లను ఎత్తుకుని వచ్చి, నేను డ్యూటీలో ఉన్నప్పుడు అన్నయ్య దగ్గర కూర్చునేది. ఆ అమ్మాయి ఒకరోజు, దీదీ, మధ్యాహ్నం ఒక్క రెండు గంటలు ఆ మోత ఆపిస్తే పిల్ల నిద్రపోతుంది అని అడిగింది. మా దీవుల్లో అయిదు కాకముందే తెల్లారుతుంది, పదకొండున్నరకే అన్నాలు తింటాం, మధ్యాహ్నం దుకాణాలు కూడా మూసుకుని అందరూ పడుకుంటారు. ఆ అమ్మాయి అడిగింది న్యాయమే. కానీ ఆఫీసు కాగితంలో ఒకటే రాసుంది. ఇంట్లో మంచం పట్టిన రోగి ఉండి, ఇంటివాళ్లు రాసి ఇస్తే, రెండు నుంచి నాలుగు దాకా పైలింగ్ ఆపాలి. పసిపిల్ల రోగి కాదు కదా. కొన్నాళ్లు ఓర్చుకో అమ్మా అని రూలు చదివి వినిపించాను. ఆ అమ్మాయి తలూపి, మర్నాడు మళ్లీ వచ్చి మా అన్నయ్య దగ్గర కూర్చుంది.

ఇంతలో అమావాస్య దగ్గరపడింది. తూములు పెట్టడం అయిపోయింది. గట్టు మీద రేకులూ దిగ్గొట్టేశారు, పొద్దునా సాయంత్రమూ అక్కడ సర్దుబాటు పనే. ఇక అసలు మిగిలింది సముద్రం నుంచి వచ్చే ఉప్పుకాలవ అడుగున ఒక వరస దిగ్గొట్టడం, ఆపైన అడ్డుగా ఉన్న మట్టికట్ట కోసి పోటును వదలడం. కాలవ అడుగు బయటపడేది అమావాస్యకూ పున్నమికీ ముందువెనకల నాలుగైదు రోజులే. అదీ మధ్యాహ్నం రెండు మొదలు నాలుగు దాకా. సముద్రం ఆఫీసు టైము చూసుకుని దిగదు.

అదే వారంలో అన్నయ్యకు నొప్పి ఎక్కువైంది. రాత్రిళ్లు కన్ను మూతపడేది కాదు. మధ్యాహ్నం కళ్లు మూసుకుని పడుకునేవాడు. మిషన్ మొదలవగానే కళ్లు తెరిచేవాడు. అది చూసి నాకు కోపమొచ్చింది. చెవులు లేని మనిషిని కూడా ఇది వదలడం లేదే అనుకున్నాను. వాణ్ని ఒక్క మాట అడగలేదు. నీకు ఇబ్బందిగా ఉందా అన్నయ్యా అని ఆ కుడి చెవిలో ఒక్కసారి అరిచి ఉంటే సరిపోయేది. ఊరందరి ఇబ్బందీ అడిగి రాసుకునే దాన్ని, మా ఇంట్లో అడగలేదు. రిజిస్టరు తీసి నా చేత్తో రాసుకుని నేనే సంతకం పెట్టుకున్నాను.

సైటు ఇంజనీరు మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన చిన్నవాడు. మర్యాదస్తుడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"దీదీ, ఈ నాలుగు రోజులే కదా నీళ్లు దిగేది. అవే రెండు గంటలు మీరు బంద్ చేయమంటే ఇక పున్నమి దాకా ఆగాలి."

"ఆగండి. రూలు నేను రాశానా?" అన్నాను.

"అది కాదు దీదీ. పేషంట్ ఎవరు? పెద్దగా ఇబ్బంది పడుతున్నారా?"

"రాసిచ్చాక ఎవరో ఏమిటో అడగకూడదని మీ కాగితంలోనే ఉంది," అన్నాను.

ఆ మాట అనేటప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. మొదటిసారి ఆ అధికారం నా ఇంటికి పనికొచ్చింది. అతను ఆపరేటర్‌కు చెయ్యి ఊపాడు. మిషన్ ఆగింది.

నేను గబగబా ఇంటికి వచ్చాను, అన్నయ్య నిద్రపోతుంటే చూద్దామని. వాడు మోచేయి ఆనించి సగం లేచి కూర్చుని ఉన్నాడు. మొహం నిండా కంగారు.

"ఏటే, ఇంజిన్ ఆగిపోనాది?"

వాడు అరచెయ్యి గోడకు ఆనించి చూపించాడు. "లేదు. అదురు లేదు. పావుగంటయింది. ఏటయినాది?"

అప్పుడు తెలిసింది నాకు. మిషన్ మొదలవగానే వాడు కళ్లు తెరిచేది బాధపడి కాదు. పని సాగుతోందని వాడికి తెలిసేది ఆ అదురు వల్లే. ముప్పై ఏళ్లు ఇంజిన్ అదురు మీద పడుకున్న మనిషి. అది ఉంటే నిశ్చింతగా ఉంటాడు, ఆగితే లేస్తాడు. సముద్రం మధ్యలో ఇంజిన్ ఆగడమంటే ఏమిటో వాడు నాకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో. మధ్యదారిలో ఒకసారి ఆగితే, చీకట్లో అలలకు ఓడ అడ్డం తిరిగితే, వీళ్లు నలుగురూ నడుం లోతు వేడిలో దాన్ని ఎలా లేపారో. అవన్నీ విని పెరిగిన దాన్ని. ఊరికి తెలియకపోవచ్చు. నాకు తెలియాలి కదా.

నేనే ఆపించానని చెబితే నన్ను చంపేసేవాడు. చంపడమంటే కొట్టడం కాదు, వాడు నా మీద చెయ్యెత్తి ఎరగడు. నాకోసం పదిమంది పని ఆపించావా అని మొహం తిప్పుకునేవాడు. అది నేను తట్టుకోలేను. అందుకని నోటికొచ్చింది చెప్పాను.

"మిషన్ పాడైందంట అన్నయ్యా," అని చెవిలో అరిచాను.

వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. చాలా రోజులకు వాడి కళ్లల్లో వెలుగు చూశాను.

"ఏ వేళకి ఆగినాది?"

"రెండింటికి."

"పొద్దున్నంతా ఆడిందా?"

"ఆడింది."

"అయితే వేడి. రేడియేటర్‌లో మట్టి పట్టేసుంటది. నువ్వెల్లి సెప్పు, మంచినీల్లతో కడగమను. ఉప్పునీల్లు పొయ్యొద్దను. ఎల్లు, ఎల్లు."

వెళ్లినట్టు వెళ్లి, వీధి చివర కొబ్బరిచెట్టు కింద కాసేపు నిలబడి వచ్చాను. చెప్పానన్నాను. నాలుగింటికి గట్టు మీద ఏదో సర్దుబాటు పనికి మిషన్ మళ్లీ మొదలైంది. అన్నయ్య గోడ మీద చెయ్యి వేసి నవ్వాడు. నేను చెప్పలేదా అన్నట్టు నా వంక చూశాడు. ఆ నవ్వు చూసి, అబద్ధం మంచిదే చెప్పాను అనుకున్నాను.

మర్నాడు రెండింటికి మళ్లీ ఆగింది. మళ్లీ లేచి కూర్చున్నాడు. కడిగితే పోలేదంటే ఫ్యాన్ బెల్టు వదులై ఉంటుంది, బిగించమన్నాడు. మూడోరోజు అదీ కాదు, ఈ గాలికి డీజిల్‌లో నీళ్లు చేరుతాయి, ఫిల్టరు విప్పి చూడమన్నాడు. విప్పినప్పుడు ఏ గిన్నెలో వంచాలో, కిందికి దిగిన నీళ్లను ఎలా గుర్తుపట్టాలో నాతో రెండుసార్లు అప్పచెప్పించుకున్నాడు. మందు వేసుకోమంటే, ఆగు, ముందు ఇది తేలనీ అనేవాడు. గంజి కూడా తాగకుండా కళ్లు మూసుకుని ఆలోచించేవాడు. నేనేమో రోజుకొక రిపేరు కొబ్బరిచెట్టు దాకా మోసుకెళ్లి, అక్కడ పారేసి వచ్చేదాన్ని.

నిజం చెప్పేయడం రోజురోజుకీ కష్టమైపోయింది. మొదటి రోజైతే ఒక్క తిట్టుతో పోయేది. మూడో రోజుకి వాడు తన ఆలోచనంతా అందులో పెట్టేశాడు. అది తీసేస్తే వాడికేం మిగులుతుంది అనుకున్నాను. అలా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, అసలు సంగతి భయం. వాడు నన్ను చూసే చూపు మారిపోతుందని.

శనివారం మా పాస్టర్ అయ్యగారు పోర్ట్ బ్లెయిర్‌లోని బతు బస్తీ నుంచి ప్రార్థనకు వచ్చారు. మా చర్చి అక్కడే, తెలుగు ఆరాధన. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా అక్కడి ఆదివారం బడిలోనే. ప్రార్థన ముగిశాక అయ్యగారు అన్నయ్య చెవి దగ్గర వంగి, రేపు చర్చిలో మీకోసం ఏం మనవి చెప్పమంటారు అని అడిగారు. మా వాళ్లలో ఆదివారంనాడు అందరి మనవులూ పైకి చదివి, ఒక్కొక్కదానికీ సంఘమంతా ప్రార్థిస్తుంది. నొప్పి తగ్గాలని అంటాడనుకున్నాను. సుఖంగా పోవాలని అంటాడేమోనని కూడా అనుకున్నాను.

"నాకేటొద్దు అయ్యగారూ," అన్నాడు. "ఆ మిషన్ బాగవ్వాల. దాని కోసం ప్రార్థన సెయ్యండి."

అయ్యగారు నా వైపు చూశారు. నేను నేల చూశాను.

మర్నాడు పొద్దున బెంగాలీ అమ్మాయిని అన్నయ్య దగ్గర కూర్చోబెట్టి బస్సెక్కి చర్చికి వెళ్లాను. వెళ్లకుండా ఉంటే బాగుండేది. మనవులు చదివారు. ఒకరి పరీక్ష, ఒకరి కాన్పు, సముద్రం మీదికి వెళ్లిన ఒక కుటుంబంవాళ్ల క్షేమం, ఆ తర్వాత మా అన్నయ్య మనవి. ఎవరూ నవ్వలేదు. నా పక్కన కూర్చున్న ముసలామె మోకాళ్ల మీదికి వంగి, తండ్రీ ఆ యంత్రాన్ని ముట్టు, ఆ బిడ్డ కోరిక తీర్చు అని కన్నీళ్లతో అడిగింది. అంతమందీ చెడిపోని మిషన్‌ను బాగుచేయమని దేవుణ్ని బతిమాలుతున్నారు. దేవుడికి తెలుసు, నాకు తెలుసు. చివర్న అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. ఆ క్షణంలో లేచి నిలబడి ఉంటే ఏమయ్యేది? నలుగురూ చీవాట్లు పెట్టేవాళ్లు, అంతే కదా. అంతకంటే ఏమీ కాదు. ఇప్పుడు తెలుస్తోంది.

మా చర్చికి వచ్చే ఒకామె సైటులో మడ మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. సోమవారం ఆమె ఆపరేటర్‌తో నవ్వుతూ చెప్పిందట, నీ మిషన్ కోసం మా వాళ్లు ప్రార్థన చేశారని, ఫలానా ఇంట్లో ఒక పెద్దాయన అడిగాడని. ఆపరేటర్ రాంచీ వాడు. వాళ్లూ మాలాగే తరాల నాడు ఈ దీవులకు వచ్చినవాళ్లు. మెత్తని మనిషి. ఆ మధ్యాహ్నం మిషన్ ఆగిన వేళ మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని మా గేటు దగ్గరికి వచ్చాడు. నేను అప్పుడే లోపల్నుంచి గిన్నెతో బయటికి వస్తున్నాను.

"దీదీ, నా మిషన్ కోసం దువా మాంగిన చాచా ఇల్లు ఇదేనా?"

"ఎందుకు భయ్యా?"

"ఒకసారి కలిసి వెళ్తాను. ఎవరో తప్పు చెప్పారు ఆయనకి. మిషన్ ఏక్‌దమ్ ఠీక్ ఉంది. ఎవరింట్లోనో పేషంట్ ఉన్నారని ఈ టైములో బంద్ పెట్టిస్తున్నారు, అంతే. ఆ మాట చెబితే ఆయన టెన్షన్ పోతుంది."

ఆ పేషంటూ ఈ చాచా ఒక్కరేనని అతనికి తెలియదు. ఇంట్లో అన్నయ్య మెలకువగానే ఉన్నాడు. చెవులు లేవు గనక గేటు దగ్గర ఎవరొచ్చిందీ తెలియదు. పైకప్పు చూస్తూ వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకుంటున్నాడు. పది అడుగుల దూరం. నేను గేటు తీస్తే చాలు. నేను చెప్పలేని మాట చెప్పడానికి ఒక మనిషి తనంతట తాను శుభ్రంగా చొక్కా మార్చుకుని వచ్చాడు.

"పడుకున్నాడు భయ్యా," అన్నాను. "ఇప్పుడే నిద్ర పట్టింది."

"అయ్యో, లేపొద్దు, లేపొద్దు," అని అతను గొంతు తగ్గించాడు. "లేచాక మీరే చెప్పండి దీదీ. నేను వచ్చానని కూడా చెప్పండి."

చెబుతానన్నాను. అతను అడుగుల చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

నా జీవితంలో నేను చేసిన తప్పులన్నీ ఒక పక్క పెట్టినా, ఆ గేటు మూసి ఉంచడం వేరే. మిగతావి కోపంలో చేశాను. ఇది కోపం లేకుండా, తెలిసి చేశాను.

గురువారం అన్నయ్య మంచం దిగబోయాడు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఒక కాలు నేల మీద పెట్టి, మంచం కోడు పట్టుకుని వణుకుతున్నాడు.

"నన్ను అక్కడికి తీసుకెల్లు. ఒక్కసారి సెయ్యి పెట్టి సూత్తాను. సెయ్యి పెడితే తెలుస్తాది నాకు."

"నువ్వు నడవలేవు అన్నయ్యా."

"నా బుర్ర పోయినాదే," అన్నాడు. అని ఏడ్చాడు. వదిన పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి. "ముప్పై ఏల్లు సేసినాను. ఒక్క ఇంజిన్ జబ్బు పట్టుకోలేకపోతన్నాను. ఇంకెందుకే నేను?"

వాణ్ని పడుకోబెట్టి, చెప్పుల్లేకుండా సైటుకు పరుగెత్తాను. ఇంజనీరును పట్టుకుని, నా కాగితం చింపేయండి, మిషన్ మొదలుపెట్టండి అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. కాలవ వైపు చెయ్యి చూపించాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. అమావాస్య రోజులు దాటిపోయాయి, ఇక అడుగు కనబడదు.

"ఇప్పుడు కొట్టడానికేమీ లేదు దీదీ. మిషన్ రేపు వేరే సైటుకు వెళ్తోంది. పున్నమికి తెస్తాం."

మర్నాటి నుంచి పొద్దున కూడా అదురు లేదు, సాయంత్రమూ లేదు. అన్నయ్య గోడ మీద చెయ్యి ఆనించే ఉంచేవాడు. సచ్చిపోనాది అది అన్నాడు ఒకసారి. ఆ తర్వాత రిపేర్లు చెప్పడం మానేశాడు. నొప్పి గురించీ మాట్లాడలేదు. రెండుసార్లు వాడి చెవి దగ్గర నోరు పెట్టాను. మొదటిసారి వాడు మగతలో ఉన్నాడు, లేచాక చెబుదాం అనుకున్నాను. రెండోసారి వాడు కళ్లు తెరిచి నా వంక చూసి, నా చెంప నిమిరి, నువ్వు తిరిగి తిరిగి అలిసిపోనావే అన్నాడు. నేను తిరిగింది కొబ్బరిచెట్టు దాకా. దాంతో నోరు పెగల్లేదు.

పున్నమికి ఇంకా అయిదు రోజులుండగా, పొద్దున ఏడింటికి, బెంగాలీ అమ్మాయి పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగా పోయాడు. నేను రిజిస్టరు సర్దుకుంటున్నాను. ఆ అమ్మాయి దీదీ అని ఒక్కసారి పిలిచింది. వెళ్లేసరికి అయిపోయింది.

పున్నమి నాడు మిషన్ తెచ్చారు. ఈసారి ఆపమని ఎవరూ రాయించలేదు. మూడు మధ్యాహ్నాల్లో రేకుల వరస పూర్తయింది. నాలుగోరోజు పొక్లెయిన్‌తో మట్టికట్ట కోయడానికి ఊరంతా రోడ్డు మీద చేరింది. గురక వినబడలేదన్నావిడ కూడా వాళ్లాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. నేను మీటరు పట్టుకుని డ్యూటీలో నిలబడ్డాను. ఆ రాంచీ ఆపరేటరే పొక్లెయిన్ ఎక్కి, బకెట్టుతో నాలుగు తవ్వులు తవ్వాడు. అయిదో తవ్వుకు సన్నగా ఒక పాయ లోపలికి జారింది. ఇంకో తవ్వుకు కట్ట తెగి, సముద్రపు నీళ్లు బురదను తోసుకుంటూ మా అన్నయ్య పొలం మీదికి పరుగెత్తాయి. జనం చప్పట్లు కొట్టారు. బెంగాలీ అమ్మాయి పిల్లను ఎత్తి చూపించింది. మురిగిన నీళ్ల మీద పేరుకున్న నాచు కదిలి, చీలి, పక్కకు పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ నీళ్లు కదిలాయి. పదిహేను రోజుల ముందు కదలాల్సినవి. అప్పటికి వాడు బతికే ఉన్నాడు, మంచం గుమ్మంలోకి జరిపితే కనబడేది. నేను పెట్టుకున్న ఒక్క సంతకం వల్ల చూడకుండా పోయాడు. ఇంకెవరి మీదా నెట్టలేను ఈ మాట.

ఆపరేటర్ ఇంజిన్ ఆపి కిందికి దిగాడు. చేతులు తుడుచుకుంటూ జనంలోంచి నా దగ్గరికి వచ్చాడు. అన్నయ్య పోయిన సంగతి అతనికి నర్సరీ ఆమె చెప్పినట్టుంది. తలపాగా గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"దీదీ, ఆరోజు నేను చెప్పమన్న మాట చాచాకు చెప్పారా? మిషన్‌కు ఏమీ కాలేదని?"

"చెప్పాను భయ్యా," అన్నాను.

"సంతోషపడ్డారా?"

"చాలా సంతోషపడ్డాడు," అన్నాను.